లండన్‌లో మన బొగ్గు

ప్రయాణంలో చివరి మూడు రోజులూ నెలాఖరు రోజుల్లాంటివి. చేతిలో మిగిలింది కొంచెం, చెయ్యవలసింది బోలెడు. మొదట్లో చూసినవన్నీ బుర్రలో కలగాపులగమై ఉంటాయి. కాళ్లు మొరాయిస్తుంటాయి. పెట్టె ఎంత తూగుతుందోనన్న బెంగ అప్పుడే మొదలవుతుంది. పోయిన వేసవిలో లండన్ నగరంలో మా దంపతులకు అలాంటి మూడు రోజులు మిగిలాయి.

మాది కమాన్‌పూర్. బండ మీద వెలసిన ఆదివరాహస్వామి ఉన్న ఊరంటే కొందరికి తెలుస్తుంది. గోదావరిఖని పక్కనంటే అందరికీ తెలుస్తుంది. నేను బొగ్గుబావి మీద మ్యాన్‌వే క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. షిఫ్టుకు ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అన్నది రాసుకోవడం నా పని. దిగినవాళ్ల లెక్కా ఎక్కినవాళ్ల లెక్కా సరిపోయేదాకా కిటికీ దగ్గర్నుంచి లేవకూడదు. ముప్పై ఏళ్లు ఆ పని చేసినవాడికి ఏ లెక్క తేలకపోయినా నిద్ర పట్టదు. ఈ జబ్బుకు మందు లేదని మా ఆవిడ తేల్చేసింది.

మా పెద్దోడు లండన్‌లో ఈస్ట్‌హామ్ అనే పేటలో ఉంటాడు. అక్కడ వీధిలో కరివేపాకూ దొరుకుతుంది, తెలుగూ వినిపిస్తుంది. రాజుగారి కోటా, మైనపు బొమ్మలూ, నది ఒడ్డున రంగులరాట్నం, అన్నీ వాడు చూపించాడు. ఇక మూడు రోజులుందనగా, “ఇంకేమన్న మిగిలిందా నాయినా?” అన్నాడు.

“మిగిలింది. మన బొగ్గు చూడాలె” అన్నాను.

వాడు నా వంక అదోలా చూశాడు. వాళ్లమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. “ముప్పయేండ్లు చూసింది సాల్లేదట” అని చెప్పులు తొడుక్కుంది.

సంగతేమిటంటే, మన సింగరేణి పుట్టిల్లు లండనే. 1871లో భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ దొర ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. ఆ బొగ్గు తవ్వడానికి 1886లో ‘హైదరాబాద్ దక్కన్ కంపెనీ’ అని ఒకటి లండన్‌లో రిజిస్టరయింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920లో ఆ కంపెనీ ఆస్తులన్నీ తీసుకుని, ఇల్లందు పక్కనున్న చిన్న ఊరి పేరు పెట్టుకుని సింగరేణి కాలరీస్ కంపెనీ వెలిసింది. దాని వాటాలు కూడా లండన్ బజారులోనే అమ్ముడుపోయేవి. 1945లో నిజాం ప్రభుత్వం సగానికి పైగా వాటాలు కొనేదాకా మన బావుల కళ్లెం సముద్రానికి అవతల ఉండేదన్నమాట. మా నాయన తట్ట మోసిన బావికీ, నేను కూర్చున్న కిటికీకీ, మావాడి చదువుకీ మొదలు ఇక్కడే. అంత దూరం పోయి ఆ మొదలు చూడకుండా రావడం నాకు మనస్కరించలేదు.

మొదటి రోజు వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద నిలబడి పార్లమెంటు భవనం వంక చూశాం. అందరూ గడియారం వంక చూసి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను 1888 వంక చూస్తున్నాను. ఆ ఏడాది ఆ భవనంలో దిగువ సభ వారి సంఘమొకటి కూర్చుని మన బొగ్గు మీద విచారణ జరిపింది.

కథ పాతదే గాని, ఇప్పుడు చదివినా నిన్నటి పేపరులా ఉంటుంది. గనుల హక్కు సంపాదించిన వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు లండన్‌లో కంపెనీ పెట్టి వాటాల్లో పెద్ద భాగం తమ వైపే అట్టేపెట్టుకున్నారు. ఒక్క తట్ట బొగ్గు పైకి రాకముందే ఆ కాగితాలకు బజారులో ధర పలికింది. నిజాం ప్రభుత్వం కూడా మంచి బేరమనుకుని కొన్ని వాటాలు కొన్నది. కొనిపెట్టిన పెద్దమనిషి ప్రభుత్వ అధికారి అబ్దుల్ హక్. అమ్మిందెవరయ్యా అని ఆరా తీస్తే, ఆయనే! ఒక చేత్తో అమ్మి ఇంకో చేత్తో కొన్నాడు. ఈ చెయ్యి చేసిన పని ఆ చేతికి తెలియదని చెప్పినా నమ్మేవాళ్లెవరు? హైదరాబాద్‌లో గగ్గోలు పుట్టింది. ఆయన ఉద్యోగం ఊడింది. లండన్‌లో విచారణ పడింది.

ఆ వ్యవహారంలో నిజాం ప్రభుత్వం తరఫున లండన్ వచ్చిన అధికారి మెహదీ హసన్, ఫతే నవాజ్ జంగ్ అని బిరుదు. లక్నో వైపు మనిషి. భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పేరు ఎలెన్ డోనెల్లీ, ఇండియాలో పెరిగిన తెల్లమ్మాయి. ఇద్దరూ లండన్ అంతా చూశారు. విందులకు వెళ్లారు. ఆమెకు విక్టోరియా రాణి దర్శనం కూడా దొరికింది. ఆయన రోజూ చూసినవన్నీ డైరీలో రాసుకున్నాడు. అది తర్వాత అచ్చయింది కూడాను.

“అంటే మన లెక్కనే మొగుడు పెండ్లాలు బొగ్గు పని మీద వచ్చిండ్రన్నట్టు” అంది మా ఆవిడ. “మంచిగ తిరిగి పోయిండ్రా మరి?”

తిరిగి పోవడం బాగానే పోయారు. పోయాకే చిక్కొచ్చింది. 1892లో హైదరాబాద్‌లో పేరులేని కరపత్రమొకటి ఇంగ్లీషులో అచ్చయి చేతులు మారింది. ఆ ఇల్లాలి గతం గురించి రాయకూడని రాతలన్నీ అందులో ఉన్నాయి. దర్బారులో ముఠాల తగవులు ముమ్మరంగా ఉన్న రోజులవి. మొగవాళ్లు కుర్చీల కోసం కొట్టుకుంటే, దెబ్బ ఆడదాని పేరు మీద పడింది. భార్యాభర్తలు పరువు కోసం కోర్టుకెక్కారు. నెలల తరబడి సాక్షులు వచ్చి నోటికొచ్చింది చెప్పారు. కేసు పోయింది. ఆయన పదవీ పోయింది. ఇద్దరూ లక్నో చేరుకున్నారు. మళ్లీ పాత వెలుగు రాలేదు.

మా ఆవిడ కాసేపు నది వంక చూసింది. “రాణి ముందట నిలబడ్డ రోజు ఆమె ఏం చీర కట్టుకున్నదో” అంది. విచారణ నివేదికల్లో వాటాల ధర పైసలతో సహా ఉంటుంది గాని, ఇలాంటివి ఉండవు. నాకు జవాబు దొరకలేదు.

రెండో రోజు సెయింట్ పాల్ చర్చి. ఇక్కడ బొగ్గేమిటని మావాడు అడిగాడు. వాడికి తెలియని లండన్ సంగతి చెప్పే అవకాశం నాకదొక్కటే దొరికింది, వదులుకుంటానా? 1666లో లండన్ నాలుగు రోజులు తగలబడింది. పదమూడు వేల ఇళ్లూ, ఈ చర్చీ బుగ్గయిపోయాయి. మళ్లీ కట్టడానికి డబ్బెక్కడిది? 1667లో చట్టం చేసి, థేమ్స్ నది మీద ఊళ్లోకి వచ్చే బొగ్గు మీద టన్నుకు ఒక షిల్లింగు పన్ను వేశారు. 1670లో దాన్ని మూడు షిల్లింగులు చేశారు. ఆ డబ్బుతోనే క్రిస్టఫర్ రెన్ అనే మేస్త్రీ ఇంత గోపురం లేపాడు. ఉత్తరాన న్యూకాసిల్ వైపు గనుల్లో నల్లబడ్డ చేతులు ఎన్నో, ఈ తెల్లరాతి వెనకాల ఉన్నాయి.

మా ఆవిడ గోపురం కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసింది. “గింత గుడి బొగ్గు పైసలతోనా! మరి మన ఆదివరాహస్వామికి ఏమన్న ముట్టిందా?”

“స్వామికి కాదుగాని మనుషులకని ఒక చట్టం వచ్చింది” అన్నాను. 2015లో గనుల చట్టం సవరించి, గనుల ప్రభావం ఉన్న జిల్లాలకు ఖనిజ నిధి పెట్టారు. గనుల వాళ్లు కట్టే రాయల్టీకి తోడు కొంత సొమ్ము ఆ నిధికి చేరాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల నీళ్లకీ, చదువుకీ, వైద్యానికీ ఖర్చు కావాలి. లండన్ వారికి ఈ తెలివి 1667లో వచ్చింది, మనకు 2015లో. అయితే ఒక తేడా ఉంది. వాళ్ల పన్ను బొగ్గు కాల్చుకున్న ఊరు బాగుపడటానికి, మనది బొగ్గు ఇచ్చిన ఊరు బాగుపడటానికి. ఏమాట కామాటే చెప్పుకోవాలి, ఆ ఆలోచన మనదే మేలు. ఆచరణ సంగతి ఎవరి ఊళ్లో వారు చూసుకోవాలి.

మూడో రోజు, ఆఖరి రోజు, బాటర్సీ. నది ఒడ్డున నాలుగు తెల్ల చిమ్నీలతో పెద్ద ఇటుక భవనం. ఒకప్పుడు లండన్‌కు కరెంటిచ్చిన థర్మల్ స్టేషన్ అది. ఓడల మీద బొగ్గు తెచ్చి గట్టున దింపేవారు. 1952 డిసెంబరులో ఈ ఊరి మీద బొగ్గు పొగా మంచూ కలిసి నాలుగైదు రోజులు కమ్మేస్తే వేలమంది చనిపోయారు. 1956లో గాలి శుభ్రానికి చట్టం చేశారు. బాటర్సీ 1983లో మూతపడింది. అదే 1983లో మా రామగుండంలో ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ వెలిగింది. ఒక ఊళ్లో పొయ్యి ఆరితే ఇంకో ఊళ్లో రాజుకుంది.

ఆ బాటర్సీ దాదాపు నలభై ఏళ్లు పాడుబడి ఉండి, 2022లో మళ్లీ తెరుచుకుంది. కరెంటు కోసం కాదు, దుకాణాల కోసం! టర్బైన్లు తిరిగిన చోట బట్టలూ, అత్తర్లూ అమ్ముతున్నారు. పైన ఇళ్లు. ఒక చిమ్నీలో అద్దాల లిఫ్టు పెట్టి, 109 మీటర్ల ఎత్తుకు మనుషుల్ని తీసుకెళ్లి ఊరంతా చూపిస్తున్నారు. మేమూ ఎక్కాం. బావిలోకి దిగేవాళ్ల పేర్లు రాసిన నేను జన్మలో మొదటిసారి పొగ గొట్టంలోంచి పైకి వెళ్లాను. కింద నది వెండి పట్టీలా ఉంది. పొగ ఎక్కడా లేదు.

ప్రజలకు కరెంటిచ్చే బొగ్గు కేంద్రం లోకంలో మొట్టమొదట 1882లో ఈ ఊళ్లోనే, హోల్‌బర్న్ దగ్గర మొదలైంది. ఆ దేశంలో ఆఖరి బొగ్గు కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. నూట నలభై రెండేళ్ల కథ. రామగుండంలో 1971 నుంచి నడిచిన బీ థర్మల్ కూడా 2024లోనే మూతపడింది. దాని కూత విని లేచి స్టవ్ ముట్టించిన ఇళ్లెన్నో మా వైపు ఉన్నాయి.

పైనుంచి చూస్తుంటే నా పాత జబ్బు తిరగబెట్టింది. దిగినవాళ్లెంతమంది, ఎక్కినవాళ్లెంతమంది? ఈ దేశంలో లోతు గనుల్లో ఆఖరిది 2015 డిసెంబరులో మూసేశారు. చిమ్నీకి కొత్త కొలువు దొరికింది. ఇది రాజధాని, నది ఒడ్డు, గజం జాగా బంగారం. అందుకని దొరికింది. ఉత్తరాది గని ఊళ్లకు ఇలాంటి అదృష్టం అన్నిచోట్లా పట్టలేదు. రేపు మా వైపు బొగ్గు అయిపోయిన నాడు, కమాన్‌పూర్ చుట్టూ లేచిన మట్టి గుట్టల మీద ఎవరు అత్తరు దుకాణం పెడతారు? నాకు బొగ్గు మీద కోపం లేదు. అది పెట్టిన కూడే మేం తిన్నాం, దాని కూలీతోనే మావాడు ఇంత దూరం వచ్చాడు. కాకపోతే, మూసేశాక ఏమిటన్న ప్రశ్న మూసే రోజున వేసుకుంటే ఆలస్యమవుతుంది. ఆ లెక్క ఇప్పుడే రాయడం మొదలుపెట్టాలి.

“దిగుదామా? పెట్టెలు సర్దాలె” అంది మా ఆవిడ. ఆమె లెక్క ఆమెది.

ఆ రాత్రి పెట్టె ఇరవై మూడు కిలోలకు సరిపెట్టడానికి నా పుస్తకాలు రెండు బయటపడ్డాయి. ఆమె బాటర్సీ దుకాణంలో కొన్న బిళ్ల మాత్రం లోపలే ఉండిపోయింది. నాలుగు చిమ్నీల బొమ్మ, వెనకాల అయస్కాంతం.

ఇప్పుడది కమాన్‌పూర్‌లో మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. మొన్న మా పాత హెడ్ ఓవర్‌మన్ వచ్చి టీ తాగుతూ దాన్ని చూశాడు.

“ఇది ఏ థర్మల్‌దక్కా?” అన్నాడు.

“మూసేసినదే తమ్మీ. అండ్ల దుకాణాలు పెట్టిండ్రు” అంది మా ఆవిడ.

ఆయన కప్పు కింద పెట్టి, చాలాసేపు ఆ బొమ్మ వంకే చూశాడు.