షుగర్ బియ్యం: గింజకు వచ్చిన పేరు, కంచంలో తేలే లెక్క

బుద్వేల్ రైల్వే స్టేషన్ నుంచి మా పెద్దమ్మ ఇంటికి నడిచి వెళ్లే దారిలో ఒక బియ్యం దుకాణం ఉంది. పోయిన సంక్రాంతికి ముందు ఆమెతో కలిసి అక్కడికి వెళ్లాను. "షుగర్ బియ్యం ఉన్నయా అన్నా?" అని అడిగింది పెద్దమ్మ. దుకాణదారు మరో మాట అడగకుండా లోపలి నుంచి 26 కిలోల సంచి తెచ్చి, మూతి విప్పి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసి చూపించాడు. సన్నగా, పొట్టిగా, తెల్లగా ఉన్నాయి. "ఇవి తింటె షుగర్ ఎక్కదు బిడ్డా, రెండు ముద్దలు ఎక్కువ తిన్నా ఏం కాదంట" అని ఆమె నాతో అంది. దుకాణదారు తలూపాడు.

ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడ నుంచి వచ్చిందో, మిగతా సగం దానికి ఎలా తోడైందో చూడడమే ఈ వ్యాసం పని. పెద్దమ్మకు పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది కాబట్టి నాకు ఇది తీరిక వేళ కుతూహలం మాత్రం కాదు.

ఆ బియ్యం పుట్టిన చోటు ఆ దుకాణానికి దూరమేమీ కాదు. తెలంగాణ సోనా అని అమ్ముతున్న ఈ రకానికి రైతుల నోట ఉన్న పేరు ఆర్ఎన్ఆర్ 15048. ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్. బుద్వేల్‌ను ఆనుకుని అక్కడే ఉన్న ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎంటీయూ 1010ను, జేజీఎల్ 3855ను సంకరం చేసి దీన్ని తయారుచేశారు. మొదటిది మారుటేరు నుంచి వచ్చిన కాటన్‌దొర సన్నాలు, రెండోది జగిత్యాల రకం. 2015లో విడుదలైంది. రైతును ఆకట్టుకున్నది షుగర్ సంగతి కాదు. సుమారు 125 రోజుల్లో కోతకు వస్తుంది, అగ్గితెగులును తట్టుకుంటుంది, గింజ సన్నం. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సుమారు ఐదు నెలల పంట. దాంతో పోలిస్తే దాదాపు నెల రోజుల నీళ్లు, కూలి ఆదా.

తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో దీని గ్లైసెమిక్ ఇండెక్స్ కొలిస్తే 51, 52 మధ్య తేలింది. 55 లోపు ఉంటే 'తక్కువ' అనీ, 70, ఆపైన ఉంటే 'ఎక్కువ' అనీ లెక్క. అక్కడి నుంచి పత్రికల్లోకి, పత్రికల నుంచి వాట్సాప్‌లోకి, వాట్సాప్ నుంచి సంచుల మీదికి ఆ అంకె నడిచింది. నడిచిన ప్రతి మెట్టు దగ్గరా ఒక మాట రాలిపోయింది. 'తక్కువ గ్లైసెమిక్ ఇండెక్స్' కాస్తా 'తక్కువ షుగర్' అయింది. అదే చివరికి 'షుగర్ ఫ్రీ' అయింది.

ఈ ఇండెక్స్‌ను 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. కొలిచే పద్ధతి తెలిస్తే అపోహ చాలావరకు తనంతట అదే విడిపోతుంది. కనీసం పదిమంది ఆరోగ్యవంతులకు పరగడుపున 50 గ్రాముల పిండి పదార్థం ఉండే మేరకు అన్నం పెడతారు. రెండు గంటలపాటు వేలి నుంచి రక్తపు చుక్క తీసి గ్లూకోజు ఎంత పెరిగి ఎంత తగ్గిందో గీత గీస్తారు. మరో రోజు అంతే గ్లూకోజు తాగించి ఇంకో గీత గీస్తారు. రెండో గీత కింది వైశాల్యాన్ని 100 అనుకుంటే మొదటిది ఎంతో అదే ఇండెక్స్. అంటే, ఇది సమాన కొలత మీద మాత్రమే మాట్లాడే అంకె. 50 గ్రాములకు 50 గ్రాములు పెట్టి పోల్చింది. కంచంలో ఎంత పెట్టుకుంటారో దానికి తెలియదు. పైగా కొలిచింది ఆరోగ్యవంతుల్లో, ఒట్టి అన్నంతో. పప్పు, కూర, పెరుగు కలిశాక అంకె మారుతుంది, ఎక్కువసార్లు మంచికే మారుతుంది.

ఇప్పుడు పెద్దమ్మ కంచం. వంటింటి త్రాసు తీసుకుని ఆమె కొలత గ్లాసును తూచాను. మామూలు సన్నాలు వండుకునే రోజుల్లో మధ్యాహ్నానికి ఆమె వాటా సుమారు 100 గ్రాముల బియ్యం. షుగర్ బియ్యం వచ్చాక ధైర్యం వచ్చి 150 గ్రాములకు చేరింది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పోషక పట్టికల ప్రకారం 100 గ్రాముల మర బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. దాన్ని ఇండెక్స్‌తో గుణించి 100తో భాగిస్తే వచ్చేది గ్లైసెమిక్ లోడ్. ఇండెక్స్ 70 ఉన్న మామూలు బియ్యం 100 గ్రాములకు ఇది దాదాపు 55. తెలంగాణ సోనా 100 గ్రాములకు దాదాపు 40. ఇక్కడిదాకా సోనాదే పైచేయి, చిన్న తేడా కూడా కాదు. కానీ 150 గ్రాములకు సోనా లెక్క 60. మానేసిన బియ్యం కన్నా మార్చుకున్న బియ్యమే ఎక్కువ భారం వేస్తోంది. ఆ రెండు ముద్దలతోనే లాభం మొత్తం హరించుకుపోయింది. ఇది ఒక్క మనిషి కంచం లెక్క, ఊరందరికీ అంటగట్టను. అయినా గుణకారం ఎవరింట్లోనైనా ఒకటే.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ఆలోచన రేపింది అదే. తక్కువ ఇండెక్స్ ఒక్క సోనా సొత్తు కాదు. రాజేంద్రనగర్‌లోనే ఉన్న భారతీయ వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా తయారుచేసి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరికి కూడా ఇండెక్స్ 51 దగ్గరే వచ్చింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 235 రకాల్ని పరీక్షిస్తే 48 నుంచి 92 దాకా వచ్చాయి, సగటు 64. అందులో తక్కువ ఇండెక్స్ వర్గంలో నిలిచిన రకాల్లో స్వర్ణ ఒకటి. మారుటేరులో పుట్టిన ఎంటీయూ 7029. గోదావరి జిల్లాల నుంచి ఒడిశా దాకా దశాబ్దాలుగా పండుతున్న మామూలు బియ్యం అది. దాన్ని షుగర్ బియ్యం అని ఎవరూ పిలవగా నేను వినలేదు. గింజలో అమైలోజ్ అనే పిండి రకం ఎక్కువ ఉంటే సాధారణంగా అరుగుదల నెమ్మదిస్తుంది. అది సంచి ధరను బట్టి ఉండదు. అదే రకాన్ని ఎంత మెత్తగా ఉడికించారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

బియ్యం రకాన్ని బట్టి ఆరోగ్యం ఉంటుందన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. ఒకప్పుడు మన నేల మీద అది చావుబతుకుల విషయం. జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనలో ఉన్నాయి. అది 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ప్రధానంగా ఉత్తర సర్కారుల్లో, అంటే తెలుగు కోస్తాలో కనిపించేది. అక్కడ తినేది మరపట్టిన పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ జబ్బు అరుదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది, మరపట్టినా కొంత నిలుస్తుంది. ఒకే ప్రెసిడెన్సీ, రెండు రకాల బియ్యం, రెండు రకాల బతుకులు. కాబట్టి 'ఏ బియ్యం?' అని అడిగే పెద్దమ్మను తప్పుపట్టను. 'ఎంత బియ్యం?' అన్న ప్రశ్న మరుగున పడిందనే నా బాధ.

గంజి వార్చితే షుగర్ పోతుందన్నది ఈ నమ్మకానికి చెల్లెలు. గంజితో కొంత పిండి పోయే మాట నిజం. అయితే అత్యధిక భాగం అన్నంలోనే ఉంటుంది. గంజి పారబోసిన వారికి కచ్చితంగా పోయేది నీటిలో కరిగే బి విటమిన్లలో కొంత. పైన చెప్పిన చరిత్ర తెలిసిన ప్రాంతంలో ఆ నష్టం చిన్నదని అనుకోలేను. ఆ గంజిని ఉప్పేసుకుని తాగే పాత అలవాటు విటమిన్లను దక్కించింది, పిండిని కూడా తిరిగి కడుపులోకే పంపింది.

చద్దన్నం విషయంలో ఆధారం కొంచెం మెరుగ్గా ఉంది. వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి అరగని రూపానికి మారుతుంది. ఇండోనేషియాలో 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో అన్నాన్ని 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడిచేస్తే అరగని పిండి 100 గ్రాములకు 0.64 గ్రాముల నుంచి 1.65 గ్రాములకు పెరిగింది. తిన్నవారిలో గ్లూకోజు పెరుగుదలా కొంత తగ్గింది. వారు పదిహేను మంది, అందరూ ఆరోగ్యవంతులే. ఒక గ్రాము తేడా ఎంత చిన్నదో కూడా గమనించాలి. రాత్రంతా వంటింటి గట్టు మీద వదిలేసిన అన్నానికి ఈ ఫలితం వర్తించదు. అక్కడ బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాంతులు తెప్పించే ప్రమాదం ఉంది. తిరిగి వేడిచేసినా దాని విషం పోదు.

ఇక రాగి జావ. రాజేంద్రనగర్‌లోనే భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, 2023 చిరుధాన్యాల సంవత్సరం కాబట్టి ఆ చుట్టుపక్కల ఆ మాట ఎక్కువగానే వినిపించింది. రాగుల్లో కాల్షియం నిజంగా ఎక్కువ, 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 2021లో ప్రచురించిన సమీక్షలో చిరుధాన్యాల సగటు ఇండెక్స్ 52.7, మరపట్టిన బియ్యానిది 71.7. ఇవి గట్టి అంకెలే. కానీ సగటు అనేది రొట్టెనూ, సంగటినీ, జావనూ కలిపేస్తుంది. మెత్తటి పిండిని నీళ్లలో బాగా ఉడికించి తాగితే నమిలే పని ఉండదు, కడుపుకు విరగ్గొట్టే పని కూడా ఉండదు. గ్లూకోజు త్వరగా రక్తంలోకి చేరుతుంది. పొద్దున పెద్ద గ్లాసు జావ తాగి 'టిఫిన్ మానేశాను, ఎందుకు పెరిగింది?' అని వాపోయేవారు మా వీధిలోనే ముగ్గురున్నారు. జొన్నరొట్టె తిన్నవారికీ జావ తాగినవారికీ ఒకే ఫలితం వస్తుందని ఆశించకూడదు.

పై గుర్తు చూసి లోపలి గుణం చెప్పే నమ్మకాల్లో గుడ్డూ ఒకటి, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎర్ర పెంకు గుడ్డు నాటుదనీ, బలమనీ రెట్టింపు ధర పెట్టి కొంటారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, లోపలి పోషకాలు మేతను బట్టి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంచాలకాలయం శాస్త్రవేత్తలు తయారుచేసిన గ్రామప్రియ, వనరాజా కోళ్లు కూడా ఎర్ర గుడ్లే పెడతాయి. కాబట్టి పెంకు చూసి నాటు అని చెప్పడం కుదరదు.

మళ్లీ అన్నం దగ్గరికే వస్తాను, ఎందుకంటే మన జబ్బు బరువంతా అక్కడే ఉంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. అదే సర్వే నుంచి 2025లో వచ్చిన ఆహార విశ్లేషణ ప్రకారం భారతీయుల శక్తిలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. పిండి మొత్తాన్ని తగ్గించకుండా తెల్ల బియ్యం స్థానంలో గోధుమో చిరుధాన్యమో పెడితే మధుమేహం ముప్పు తగ్గిన ఆనవాళ్లు అందులో కనిపించలేదు. శక్తిలో 5 శాతాన్ని పిండి నుంచి పప్పులు, పాల పదార్థాల్లాంటి ప్రోటీన్‌కు మార్చిన లెక్కలో ముప్పు తక్కువగా కనిపించింది. ఇది ఒకే కాలంలో తీసిన సర్వే, కారణాన్ని రుజువు చేయదు, సంబంధాన్ని చూపుతుంది. ఇక్రిశాట్ సమీక్షతో దీనికి పేచీ ఉందని కూడా అనుకోను. అక్కడ పరీక్షల్లో కొలిచి పెట్టారు, ఇక్కడ జనం తమకు తోచినంత పెట్టుకున్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి శక్తిలో 45 శాతం మించకూడదనే చెప్పాయి.

ఈ లెక్కలన్నీ పెద్దమ్మ ముందు పెట్టాను. ఒకేసారి సగానికి సగం తగ్గించవద్దనీ, మాత్రలు వేసుకునేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చనీ, ముందు డాక్టరుకు చెప్పాలనీ అన్నాను. ఆమె చాలాసేపు గ్లాసు వైపే చూసింది. "మరి ఈ సంచి అయినంక మామూలు సన్నాలు తెమ్మంటవా?" అంది. సోనా మంచి బియ్యమే, ధర కుదిరితే అదే తెచ్చుకొమ్మన్నాను. గ్లాసు మాత్రం పాతదే.

డాక్టరును కలిసి వచ్చిన మర్నాడు ఫోన్ చేసింది. మనవడి స్కెచ్ పెన్నుతో గ్లాసు మీద గీత గీసుకుందట. అన్నం గిన్నె చిన్నదైంది, పెసరపప్పు గిన్నె పెద్దదైంది. రెండు పూటలు చూశాక మళ్లీ అడిగింది, "పప్పుకు గూడ గీత ఉంటదా బిడ్డా?"