విడాకుల్లో వృత్తి ప్రాక్టీసు పంపకం

భార్యాభర్తలు విడిపోయినప్పుడు వారు నడిపే క్లినిక్, వకీలు ఆఫీసు, ఆడిటరు సంస్థ వంటివి ఎవరికి దక్కాలన్న వివాదం. భారతదేశంలో, గోవాను మినహాయిస్తే, పెళ్లయినంత మాత్రాన ఆస్తి ఉమ్మడి కాదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో భర్త పేరిట ఉన్న దవాఖానలో భార్య ఏళ్ల తరబడి చీటీలు రాసి, లెక్కలు చూసినా ఆ చాకిరీ ఒక్కటే ఆమెకు వాటా తెచ్చిపెట్టదు. చట్టంలో ఇది పెద్ద లోటే.

హిందూ వివాహ చట్టం (1955) 27వ సెక్షన్ పెళ్లి సందర్భంగా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన ఆస్తి గురించే చెబుతుంది. అందువల్ల ప్రాక్టీసు సాధారణంగా ఆస్తిగా కాక ఆదాయంగా, 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం నిర్ణయించేటప్పుడు లెక్కకొస్తుంది. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని రజనీష్–నేహా కేసులో (2020) సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫీజులు నగదుగా తీసుకునే చోట అసలు రాబడి తేల్చడమే పెద్ద తగవు. ముస్లిం దంపతులకు ఈ సెక్షన్లు వర్తించవు. వారికి మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము), విడాకులు పొందిన ముస్లిం మహిళల హక్కులపై 1986లో వచ్చిన చట్టం కింద ఏర్పాటు ఉంటాయి.

ఇద్దరూ భాగస్వాములైతే దారి వేరు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం గుడ్‌విల్ (సంస్థకున్న మంచిపేరు విలువ) కూడా సంస్థ ఆస్తే. ఒప్పందంలో వేరేగా లేకపోతే లాభాలు సమానం. డిగ్రీ, రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరివి వారివే. ఇందుకు భిన్నంగా, అమెరికాలోని న్యూయార్క్‌లో 1985 నాటి ఓబ్రయన్ తీర్పు వైద్య లైసెన్సునూ పంచదగిన ఆస్తిగా గుర్తించింది. 2016లో అమలైన చట్టసవరణ ఆ సూత్రాన్ని తొలగించింది.

కలిసి క్లినిక్ పెట్టే దంపతులు భాగస్వామ్య పత్రం ముందే రాసుకోవడం మంచిది.