నలుగురి చెవిన పడ్డ కథ

సినిమా కథని పదిమంది కూచుని పాడుచేస్తారని ఓ అపవాదు ఉంది. అలా పాడైన కథలు బోలెడున్నాయి కనక కాదనడానికి నాకు నోరు రాదు. అయితే పదిమంది కూచుని బాగుచేసిన కథలూ ఉన్నాయి. వాటి ముచ్చట కాస్త చెబుతాను.

మద్రాసు రోజుల్లో కె.వి. రెడ్డిగారని గొప్ప దర్శకులుండేవారు. ఆయన సినిమా రంగంలో అడుగుపెట్టింది క్యాషియరుగా. అందుకేనేమో, ఫిలిం అంటే రూపాయలేనని ఆయనకి బాగా తెలుసు. తెర మీద ఒక్క నిమిషం నడవాలంటే 90 అడుగుల ఫిలిం కావాలి. అయిదు నిమిషాల అనవసరపు సీను తీశారంటే 450 అడుగులు బుట్టదాఖలే! అదే సీను కాగితం మీదే కొట్టేస్తే ఖర్చయ్యేది చుక్క సిరా. అందుకని స్క్రిప్టు పూర్తిగా కుదిరితేగాని ఆయన కెమెరా జోలికి పోయేవారు కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'కి స్టాప్‌వాచి పట్టుకుని ఏ సీను ఎంతసేపు వస్తుందో ముందే లెక్క గట్టారు. పక్కన శిష్యుడు సింగీతం శ్రీనివాసరావు. మాటలు పింగళి నాగేంద్రరావుగారివి. ఆ సినిమాలో పాండవులు ఒక్కసారైనా కనపడరు, గమనించారా? వాళ్ళు లేని లోటు మనకి తెలియనే తెలియదు. కథకి ఎవరు అక్కర్లేదో తేలాల్సింది కాగితం మీదే.

డి.వి. నరసరాజుగారి 'నాటకం' అనే నాటకం నచ్చి, ఆయన్ని 'పెద్దమనుషులు' (1954) రాయడానికి తీసుకున్నదీ కె.వి. రెడ్డిగారే. ఆ నరసరాజుగారికే తరవాత ఓ పరీక్ష వచ్చింది. ఒక కన్నడ సినిమా ఆధారంగా 'గుండమ్మ కథ' అనుకున్నారు. మొదట తయారైన స్క్రిప్టు నచ్చక పక్కన పడింది. చక్రపాణిగారు కథని మళ్ళీ మొదలంటా అల్లారు. రాసినవారికి అది చేదుమాత్రే అయుండాలి. అయినా మారిన కథకి మాటలు రాసింది నరసరాజుగారే. 1962 నుంచి ఇప్పటిదాకా ఆ మాటలు ఇళ్ళల్లో వినపడుతూనే ఉన్నాయి. మొదటి ప్రతి దగ్గరే అలిగి కూచునుంటే అవి మనకి దక్కేవా?

ఈ పాతకాలపు పద్ధతినే మా ఊళ్ళో కొందరం పట్టుకున్నాం. నెలకో ఆదివారం గ్రంథాలయం వరండాలో చేరతాం. సినిమాలకి రాయాలని ఆశపడే కుర్రాళ్ళు నలుగురైదుగురు, ఓ రిటైరైన మాస్టారు, ఓ టైలరు, ఇద్దరు గృహిణులు, నేను. నియమాలు మూడే. ఒకటి, రాసినవాడు చదవకూడదు, ఇంకొకరు చదవాలి. రాసినవాడు చదివితే కాగితం మీద లేని ఏడుపు కూడా గొంతులో కలిపేస్తాడు. రెండు, చదవడం అయ్యేదాకా అతను నోరు మెదపకూడదు. మూడు, వినేవాళ్ళు 'నేనైతే ఇలా రాస్తాను' అనకూడదు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ అర్థం కాలేదో అంతే చెప్పాలి.

ఒకసారి ఓ కుర్రాడు, కొడుకు పట్నం వెళ్తుంటే తల్లి బస్‌స్టాండులో సాగనంపే సీను రాశాడు. రెండు పేజీల కన్నీటి సంభాషణ! విని ఓ ఇల్లాలు, "బస్సు ఆగేది అయిదు నిమిషాలేగా బాబూ, ఇన్ని మాటలు ఎప్పుడు చెప్పుకున్నారు?" అంది. అందరం నవ్వాం. కుర్రాడు మాత్రం మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఇంక రాడనుకున్నాం. వచ్చే నెలకి అర పేజీతో వచ్చాడు. అందులో తల్లి, "ఆవకాయ సీసా నిలబెట్టి ఉంచరా, నూనె కారుతుంది" అంటుంది. బస్సు కదులుతుంది. అంతే. ఈసారి వరండాలో ఎవరూ మాట్లాడలేదు. టైలరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పదిమంది చెప్పింది పదీ వింటే కథ కలగూరగంప అవుతుంది, నిజమే. కంపెనీలో ఆఖరి మాట డబ్బు పెట్టినవాడిది. మా వరండాలో అది రాసినవాడిది. ఏది పుచ్చుకోవాలో, ఏది వదిలెయ్యాలో అతనే తేల్చుకోవాలి. రాయడంకంటే కష్టమైన విద్య అదేనేమో!

ఇప్పుడు ఫిలిం అడుగుల లెక్క పోయింది. సెల్‌ఫోనుతోనే సినిమా తీసేస్తున్నారు. ఖర్చు తగ్గింది కనక తొందర పెరిగింది. చూసేవాడి అయిదు నిమిషాలు మాత్రం అప్పుడెంత విలువైనవో ఇప్పుడూ అంతే. మీ ఇంట్లో రాసే పిల్లలుంటే ఆ కాగితాలు ఓసారి అడిగి పుచ్చుకుని, పైకి చదివి వినిపించండి. మెచ్చుకోవడం తరవాత చూసుకోవచ్చు.