ఎముకలు చెప్పనివి

మాది గణపవరం. కొల్లేటి చేప తినని ఇల్లు మా వైపు తక్కువే. కూర తిన్నాక కంచంలో మిగిలిన ముల్లు చూసి అది కొరమేనో, మట్టగిడసో మా పెద్దమ్మ చెప్పేసేది. మరి దాని ఒంటి రంగేమిటంటే మాత్రం, "ముల్లుకి రంగేమిటే పిచ్చిదానా!" అని నవ్వేది.

ఈ మాట ఎందుకొచ్చిందంటే, ఆమధ్య మనవణ్ణి హైదరాబాదులో బిర్లా సైన్సు కేంద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ కోటాసారస్ అనే రాక్షసిబల్లి అస్థిపంజరం నిలబెట్టారు. మన జంతువే సుమండీ! తెలంగాణలో యామనపల్లి దగ్గర కోటా రాతిపొరల్లో దొరికింది. 1988లో పి. యాదగిరిగారు దానికి ఆ పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు. "తల ఎంత చిన్నదో చూడు" అన్నాను వాడితో. తీరా తెలిసిందేమిటంటే, దొరికినవి కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు. వాటిలో పుర్రె లేదు, రెండు పళ్ళు తప్ప! నేను వాడికి చూపించిన తల ఊహించి చేసి పెట్టినదన్నమాట.

అలాగని ఎముకల్ని తీసిపారెయ్యకండి. కండ అంటుకున్నచోట ఎముక గరుకుగా ఉంటుంది. దాన్నిబట్టి బలమెంతో, నడకెలాంటిదో చెప్పవచ్చు. అయినా పొరపాట్లు జరిగాయి. ఇంగ్లండులో 1825లో మాంటెల్ అనే వైద్యుడు ఇగ్వానోడాన్ కు పేరు పెట్టాడు. దొరికిన ఒక ముల్లులాంటి ఎముకను ముక్కు మీద కొమ్మనుకున్నాడు. 1878లో బెల్జియం బొగ్గుగనిలో పూర్తి అస్థిపంజరాలు దొరికితే అది బొటనవేలని తేలింది!

మెత్తని భాగాల సంగతి మరీ కష్టం. మన ఒంగోలు గిత్త మూపురంలో ఎముక ఉందా? గంగడోలులో ఉందా? కొల్లేటి గూడబాతు ముక్కు కింద సంచీ వట్టి చర్మమేగా! గిత్తను ఎన్నడూ చూడనివాడు దాని ఎముకలు మాత్రమే చూసి బొమ్మ గీస్తే, ఆ ఠీవి ఎక్కణ్ణుంచి వస్తుంది? కెనడాలో దొరికిన ఎడ్మాంటోసారస్ అనే జంతువుకు కోడిపుంజులా నెత్తిన మాంసపు జుట్టు ఉండేదని 2013లో బయటపడింది. చర్మపు అచ్చు రాతిలో మిగలబట్టి సరిపోయింది. లేకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఇంటికొచ్చాక మనవడితో, "ఆ తల సంగతి నేను తప్పు చెప్పాన్రా" అన్నాను. వాడు బొమ్మ గీశాడు. మెడదాకా గట్టిగా గీసి, తల మాత్రం చుక్కలతో పెట్టాడు. "రంగేం వెయ్యను అమ్మమ్మా?" అన్నాడు. నీ ఇష్టమన్నాను. గంగడోలు కూడా పెట్టేశాడు.