చేతి నరం జబ్బులా కనిపించే పక్షవాతం

పక్షవాతం అంటే ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి, మూతి వంకరపోవడమే అందరికీ తెలుసు. అరుదుగా అది రెండు మూడు వేళ్లకో మణికట్టుకో పరిమితమై, అచ్చం నరం ఒత్తుకున్నట్టే ఉంటుంది. దెబ్బతిన్నట్టు అనిపించే నరాన్ని బట్టి వైద్యులు దీన్ని సూడో అల్నార్, సూడో రేడియల్ పక్షవాతం అంటారు.

చేతిని కదిలించే భాగం మెదడు పైపొరలో చిన్న బుడిపెలా ఉంటుందని 1997లో యూస్రీ అనే పరిశోధకుడి బృందం ఎమ్మారైలో గుర్తించింది. గుండె నుంచో మెడ ధమని నుంచో వచ్చిన గడ్డ అక్కడి సన్నని రక్తనాళాన్ని మూసేస్తే చెయ్యి ఒక్కటే దెబ్బతింటుంది. మాట, నడక మామూలుగానే ఉంటాయి. చేతులు చాచమంటే చాచగలరు కూడా, పోయింది వేళ్ల పట్టే కాబట్టి. మెదడు లోపలి భాగమైన థాలమస్‌లో చిన్న దెబ్బ తగిలితే వేళ్లకూ అదే వైపు పెదవి మూలకూ కలిసి తిమ్మిరి పడుతుంది. చేతి నరమేదీ పెదవి దాకా పోదు.

అల్నార్ నరం దెబ్బతింటే సాధారణంగా ఉంగరపు వేలిలో చిటికెన వేలి వైపు సగమే మొద్దుబారుతుంది. స్పర్శ బాగుండి బలం మాత్రమే హఠాత్తుగా పోతే మెదడును అనుమానించాలి. మణికట్టు వేలాడుతుంటే పిడికిలి బిగించమంటారు: మెదడు దెబ్బలో తరచు ఆ బిగింపుతో మణికట్టు పైకి లేస్తుంది, రేడియల్ నరం పోతే లేవదు. మొదటి గంటల్లో ఈ పరీక్షలూ తప్పవచ్చు. చిన్న దెబ్బ సీటీ స్కాన్‌కు చిక్కకపోవచ్చు. డిఫ్యూజన్ ఎమ్మారైలో చాలావరకు తేలుతుంది.

బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనుల్లో, పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసేవారికి చేతి తిమ్మిరి కొత్త కాదు. అదిరే పనిముట్లు నిజంగానే నరాలను దెబ్బతీస్తాయి. చిక్కంతా ఇక్కడే: బీపీ, షుగరు ఉన్న మనిషికి ఉన్నట్టుండి వేళ్లు పట్టు తప్పినా ‘పని తిమ్మిరే’ అని నూనె రాసి ఊరుకుంటారు. పని వల్ల వచ్చే తిమ్మిరి సాధారణంగా నెలల తరబడి ముదురుతుంది. పక్షవాతం నిమిషాల్లో దిగుతుంది.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. బనగానపల్లె నుంచి పెద్దాసుపత్రులున్న నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు, కర్నూలు ఇంకా దూరం. కాబట్టి వేళ్లు హఠాత్తుగా పడిపోతే తెల్లవారేదాకా చూడకండి. చెయ్యి చివరిసారి బాగున్న సమయం గుర్తుపెట్టుకుని, వెంటనే 108కి ఫోన్ చేయండి.