సింగిల్ మాల్ట్ స్కాచ్.. రంగు చూసి మోసపోవద్దు, ముందు లేబుల్ చదవాలి!

హైదరాబాద్‌: అబిడ్స్, నాంపల్లి వైన్ షాపుల్లో వేలకు వేలు పోసి సింగిల్ మాల్ట్ కొనేవాళ్లు ముందుగా చూసేది రంగే. కానీ ముదురు రంగు ఉంటే పాత సరుకని లెక్క కాదు. రంగు కోసం కారమెల్ కలపడానికి స్కాచ్ చట్టమే ఒప్పుకుంటుంది.

సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటే.. మొలకెత్తించిన బార్లీతో స్కాట్లాండ్‌లోని ఒకే డిస్టిలరీలో తయారై, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు మాగినది. ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. లేబుల్‌పై 12 ఏళ్లని ఉంటే, అందులో కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది.

2012 నవంబర్ నుంచి దీన్ని స్కాట్లాండ్‌లోనే బాటిల్ చేయాలన్నది రూల్. అందుకే ‘బాటిల్డ్ ఇన్ ఇండియా’ అని ఉన్న స్కాచ్ సింగిల్ మాల్ట్ కాదు, బ్లెండ్ అయి ఉంటుంది. అమృత్, పాల్ జాన్ లాంటివి సింగిల్ మాల్టులే అయినా, ఇండియాలో తయారైనవి కాబట్టి స్కాచ్ కావు.

రుచి ఎలా చూడాలి?

* మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొద్దిగా పోయాలి.
* ముక్కు గ్లాసులో పెట్టేయకుండా, కాస్త దూరం నుంచే వాసన చూడాలి.
* చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పాలి. తర్వాత రెండు మూడు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడాలి.
* ఐస్ వేస్తే వాసన అణిగిపోతుంది.

పొగ వాసన ఘాటుగా వస్తే అది పీట్ మంటపై ఆరబెట్టిన బార్లీ మహిమ.

మూతపై ఎక్సైజ్ హోలోగ్రామ్ లేకుండా దొంగచాటుగా అమ్మే చవక బాటిల్ జోలికి అస్సలు పోవద్దు. అనుమానం వస్తే ఎక్సైజ్ అధికారులకు చెప్పాలి.

(మద్యపానం ఆరోగ్యానికి హానికరం)