రోచెస్టర్ రైనోస్: నిచ్చెన లేని ఆట

అమెరికాలో ఫుట్‌బాల్ క్లబ్ గెలిచి పై డివిజన్‌కు వెళ్లదు. డబ్బు కట్టి వెళుతుంది. ఇంగ్లండులోనో స్పెయిన్‌లోనో కింది లీగ్‌లో ముందు నిలిచిన జట్టు మరుసటి ఏడాది పై లీగ్‌లో ఆడుతుంది. అమెరికా మేజర్ లీగ్ సాకర్‌లో మాత్రం లీగ్ యజమానులు ఒప్పుకుని, అడిగినంత ప్రవేశ రుసుము అందుకున్న తర్వాతే కొత్త క్లబ్‌కు చోటిస్తారు. 1996 నుంచి 2023 దాకా బతికిన రోచెస్టర్ రైనోస్‌ది ఈ పద్ధతి కింద నలిగిన చరిత్ర. కింది డివిజన్ క్లబ్బుల్లో నన్ను ఇంతగా కదిలించిన కథ మరొకటి లేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్నా, రోచెస్టర్ న్యూయార్క్ మహానగరానికి బహుదూరం. ఒంటారియో సరస్సు పక్కన, చలికాలమంతా మంచులో మునిగి ఉండే కార్మికుల ఊరు. మన పాత పెళ్లి ఆల్బమ్‌ల వెనకున్న కోడాక్, వీధి వీధికీ నకళ్లు తీసే యంత్రాన్ని తెచ్చిన జిరాక్స్ ఇక్కడే పుట్టాయి. 1980ల తొలినాళ్లలో ఒక్క కోడాక్‌లోనే ఈ ఊళ్లో అరవై వేల మంది పనిచేసేవారు. ఇటలీ నుంచి, ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. ఫుట్‌బాల్ వాళ్ల ఇళ్లలో అప్పటికే ఉన్న ఆట.

అందుకే రైనోస్ కంటే ముందే ఇక్కడ ఒక గట్టి జట్టు ఉండేది. 1967లో మొదలైన రోచెస్టర్ లాన్సర్స్ 1970లో నార్త్ అమెరికన్ సాకర్ లీగ్‌లో చేరింది. 1968లో పదిహేడు క్లబ్బులతో వెలిగిన ఆ లీగ్ మరుసటి ఏటికి ఐదింటికి పడిపోయింది. రోచెస్టర్, వాషింగ్టన్ వచ్చి చేరకపోతే అప్పుడే మూతపడేదేమో. చేరిన ఏడాదే లాన్సర్స్ చాంపియన్. 1971 సెమీఫైనల్స్‌లో డల్లస్‌తో మొదటి మ్యాచ్ అయితే 176 నిమిషాలు సాగింది. తొంభై నిమిషాల ఆట దాదాపు రెండింతలైందన్నమాట! చివరికి కార్లోస్ మెటిడియెరి గోల్ కొట్టి ఆ మ్యాచ్‌ను ముగించాడు. ఆ తర్వాత సిరీస్‌ను డల్లస్ గెలుచుకుందన్నది వేరే సంగతి. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ ఇక్కడికి ఆడటానికి వస్తే స్టేడియంలో ఇరవై వేల మంది చేరారు. 1980తో లాన్సర్స్ కథ ముగిసింది. ఇంకో నాలుగేళ్లకు లీగే పోయింది.

1996లో మేజర్ లీగ్ సాకర్ పది జట్లతో మొదలైంది. అదే ఏడాది, ఒక మెట్టు కింద ఉన్న ఏ-లీగ్‌లో రోచెస్టర్ రేజింగ్ రైనోస్ అడుగుపెట్టింది. ఖడ్గమృగం గుర్తు, పాట్ ఎర్కోలీ శిక్షణ, ఆడేది బేస్‌బాల్ కోసం కట్టిన ఫ్రాంటియర్ ఫీల్డ్‌లో. మొదటి ఏడాదే రెండు ఫైనల్స్‌కు చేరింది. లీగ్ ఫైనల్లో సియాటిల్ చేతిలో, యూఎస్ ఓపెన్ కప్ ఫైనల్లో డీసీ యునైటెడ్ చేతిలో ఓడింది. ఊరు మాత్రం ఆ జట్టును వెంటనే సొంతం చేసుకుంది. ఆ దశాబ్దం చివరికి మ్యాచ్‌కు సగటున పదివేల మందికి పైగా వచ్చేవారు. పై డివిజన్‌లోని కొన్ని క్లబ్బులకు కూడా అంతమంది వచ్చేవారు కాదు. 1998, 2000, 2001లలో లీగ్ టైటిల్ రోచెస్టర్‌దే.

ఈ చరిత్రకు శిఖరం 1999. ఓపెన్ కప్ 1914 నుంచి జరుగుతోంది. అమెరికాలో చిన్న క్లబ్ పెద్ద క్లబ్‌ను పోటీలో ఎదుర్కొనే అవకాశం ఆ కప్‌లోనే ఉంది. అంతకు ముందు ఏడాది లీగ్, కప్ రెండూ గెలిచిన షికాగో ఫైర్‌ను రైనోస్ మొదట ఇంటికి పంపింది. తర్వాత డల్లస్ బర్న్, ఆ తర్వాత కొలంబస్ క్రూ. సెప్టెంబరు 14న కొలంబస్‌లో జరిగిన ఫైనల్లో కొలరాడో రాపిడ్స్‌పై 2–0తో గెలిచింది. గోల్స్ డగ్ మిల్లర్‌వి, యారీ ఆల్నట్‌వి. పై డివిజన్ క్లబ్బులు నాలుగింటిని వరసగా ఓడించి కప్పు తెచ్చుకున్నారు. మేజర్ లీగ్ సాకర్ మొదలైన నాటి నుంచి ఈ కప్పును బయటి క్లబ్ గెలవడం అదొక్కసారే. తర్వాత 2008లో చార్ల్‌స్టన్ బ్యాటరీ, 2022లో శాక్రమెంటో రిపబ్లిక్ ఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయాయి. ఇంకెక్కడైనా అలాంటి జట్టు పై డివిజన్‌కు చేరే దారి ఏదో ఒకటి ఉండేది. రోచెస్టర్ మాత్రం కప్పుతో ఇంటికొచ్చి, మరుసటి ఏడాది మళ్లీ అదే రెండో డివిజన్‌లో ఆడింది.

పై డివిజన్‌కు పిలుపు రావాలంటే సొంత స్టేడియం ఉండాలన్నారు. రాష్ట్ర ప్రభుత్వ నిధులు కూడా కలిపి కట్టిన పీటెక్ పార్క్ 2006 జూన్‌లో తెరుచుకుంది. కూర్చునేవాళ్లు పదమూడు వేలకు పైనే పడతారు. నా దృష్టిలో క్లబ్ పతనం మొదలైంది అక్కడే. రాని పిలుపు కోసం కట్టిన స్టేడియం అది. దాని అప్పు, దాని నిర్వహణ రెండో డివిజన్ టికెట్ల ఆదాయంతో తీరేవి కావు. 2008 నాటికి పాత యజమానులు చేతులెత్తేశారు. ఆపై ప్రాయోజకులు మారినప్పుడల్లా స్టేడియం పేరు మారింది: మెరీనా ఆటో, సాలెన్స్, కపెల్లీ. 2007లో టొరంటో కోటి డాలర్లతో పై లీగ్‌లో చేరగలిగింది. ఆ ధర ఇక ఆగలేదు. శాన్ డియెగో కట్టింది యాభై కోట్లని వార్తలు. సొంత కర్మాగారాలే కూలుతున్న ఊరు ఆ పరుగులో ఎలా నిలుస్తుంది? 2012 జనవరిలో కోడాక్ దివాలా కోసం కోర్టుకెళ్లింది. ఏడాది ముందే రైనోస్ మూడో డివిజన్‌లోకి మారింది. ఆటలో ఓడినందుకు కాదు, లీగుల పునర్వ్యవస్థీకరణ వల్ల.

ఆ స్టేడియం వృథా అయిందని మాత్రం అనను. 2011లో వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ మహిళల జట్టుకు అదే ఇల్లు. మార్తా, క్రిస్టిన్ సింక్లెయిర్, అలెక్స్ మోర్గాన్ ఒకే జట్టులో అక్కడ ఆడారు, చాంపియన్లయ్యారు. రోచెస్టర్ బిడ్డ ఆబీ వామ్‌బాక్ కూడా తర్వాత ఆ చొక్కా వేసుకుంది. 2016లో జాతీయ మహిళల లీగ్ గెలిచిన కొద్ది నెలలకే ఆ జట్టును నార్త్ కరోలినాకు అమ్మేశారు.

రైనోస్ చివరి వెలుగు 2015. బాబ్ లిల్లీ శిక్షణలో ఇరవై ఎనిమిది లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటే ఓడింది. ఫైనల్లో లాస్ ఏంజెలెస్ గెలాక్సీ రెండో జట్టును అదనపు సమయంలో 2–1తో ఓడించింది. తర్వాతి ఏడాది కొత్త యజమానులొచ్చారు, అయినా డబ్బు చాల్లేదు. 2017 ముగిశాక క్లబ్ ఆట ఆపేసింది, లిల్లీ పిట్స్‌బర్గ్‌కు వెళ్లిపోయాడు.

2021లో ఇంగ్లండు ఆటగాడు జేమీ వార్డీ యాజమాన్యంలో భాగస్వామిగా చేరినప్పుడు ఆశ మళ్లీ చిగురించింది. ఈ చరిత్రకు ఆయన కంటే తగిన మనిషి దొరకడు. ఇంగ్లండులో ప్రొఫెషనల్ డివిజన్లకు దిగువనున్న లీగుల్లో ఆడుతూ పైకొచ్చినవాడు. ఆయన ఆడిన లెస్టర్ సిటీ 2009లో మూడో డివిజన్‌లో ఉండి, 2016లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఆ ఏడేళ్ల ప్రయాణానికి ఇంగ్లండులో దారి ఉంది కాబట్టి లెస్టర్ నడిచింది. రోచెస్టర్‌కు ఆ దారే లేదు. 2022లో క్లబ్ రోచెస్టర్ న్యూయార్క్ ఎఫ్‌సీ అనే కొత్త పేరుతో, ఒక కాలేజీ మైదానంలో తిరిగి ఆడింది. చేరిన ఎంఎల్ఎస్ నెక్స్ట్ ప్రో లీగ్‌లో తక్కిన ఇరవై జట్లూ మేజర్ లీగ్ సాకర్ క్లబ్బుల రిజర్వు జట్లే. తన కాళ్ల మీద తాను నిలిచిన క్లబ్ అదొక్కటే. 2023 మార్చిలో అదీ మూతపడింది.

రెండేళ్ల తర్వాత, 2025 మార్చిలో, రైనోస్ ఒకప్పుడు ఆడిన యూఎస్‌ఎల్‌లోని క్లబ్ యజమానులు ఓటు వేశారు. తమ డివిజన్ల మధ్య గెలిచినవాళ్లు పైకి, ఓడినవాళ్లు కిందికి వెళ్లే పద్ధతిని తేవాలని తీర్మానించారు. ఓటు వేసినవాళ్లలో రోచెస్టర్ తరఫున ఎవరూ లేరు.